హల్క్ ఆకుపచ్చ ఎందుకయ్యాడు? అబిడ్స్ ఫుట్‌పాత్ మీద రంగుల చరిత్ర

ముందు ఒక చిన్న పని. ఇంట్లో పాత చందమామ గానీ, పాత అమర్ చిత్ర కథ గానీ ఉంటే బయటకి తీయండి. ఫోన్ కెమెరా మాక్రోలో పెట్టి, రంగుల బొమ్మకి బాగా దగ్గరగా పట్టుకోండి. రాజుగారి చెంప మీద చర్మం రంగు ఉండదు. గులాబీ చుక్కలు, పసుపు చుక్కలు, అక్కడక్కడా నీలం చుక్కలు, మధ్యలో తెల్ల కాగితం. అంతే. చర్మం రంగు అనేది కాగితం మీద లేదు, అది మన కంట్లో తయారవుతోంది.

ఇంట్లో లేకపోతే ఆదివారం అబిడ్స్ వెళ్లండి. షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పుస్తకాలే. బీటెక్‌లో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్ టెక్స్ట్‌బుక్స్ కోసం వెళ్లేవాణ్ని. ఇప్పుడు ఉద్యోగం మానేశాక పాత కామిక్స్ కోసం వెళ్తున్నా. ‘భాయ్, ఇది ఎంత?’ అని అడిగి, కొనే ముందు ఫోన్ తీసి చుక్కలు చూస్తుంటే అమ్మేవాళ్లు నన్ను వింతగా చూస్తారు. చూడనివ్వండి.

ఇవాళ్టి ప్రశ్న ఇది. కామిక్‌లో రంగు ఎవరు డిసైడ్ చేస్తారు? ఆర్టిస్టా, ప్రెస్సా?

మీ అందరికీ తెలిసిన హల్క్‌తో మొదలుపెడదాం. 1962లో మొదటి సంచికలో హల్క్ ఆకుపచ్చ కాదు, బూడిద రంగు. స్టాన్ లీకి ఆ రంగే కావాలి. కానీ ప్రింట్ అయ్యాక చూస్తే ఒక పేజీలో లేతగా, ఇంకో పేజీలో దాదాపు నల్లగా వచ్చింది. అప్పటి చవక కాగితం మీద బూడిద రంగుని ఒకేలా నిలబెట్టడం కుదరలేదు. రెండో సంచికకల్లా మార్చేశారు, ఆకుపచ్చ. ఇప్పుడు ప్రపంచంలో ఏ పిల్లాడినైనా అడగండి, హల్క్ అంటే ఆకుపచ్చే.

ఫాంటమ్ కథ ఇంకా తమాషా. రాసిన లీ ఫాక్ మనసులో ఉన్నది బూడిద రంగు దుస్తులు. రోజూ వచ్చే స్ట్రిప్ నలుపు తెలుపు కాబట్టి గొడవ లేదు. 1939లో ఆదివారం రంగుల పేజీ మొదలయ్యేసరికి ఊదా రంగులో అచ్చయింది. ఇటలీలో, బ్రెజిల్‌లో అదే మనిషి ఎరుపు. స్వీడన్ వైపు నీలం. ఒకే హీరో, దేశానికో రంగు!

ఇక్కడ కొంచెం లెక్క చెప్తా, బోర్ కొట్టదు. పాత అమెరికన్ కామిక్స్‌లో నలుపు కాకుండా మూడు ఇంకులు: నీలం, గులాబీ, పసుపు. ఒక్కో ఇంకుకి నాలుగే ఆప్షన్లు: అసలు వేయకపోవడం, 25 శాతం, 50 శాతం, 100 శాతం. నాలుగు ఇంటూ నాలుగు ఇంటూ నాలుగు, 64 రంగులు. మన భాషలో 6 బిట్లు. మీ చేతిలో ఫోన్ 1 కోటి 67 లక్షల రంగులు చూపిస్తుంది. ఆ 64తోనే స్పైడర్‌మ్యాన్‌ని నడిపారు. రంగులు వేసేవాళ్లు ఫొటోకాపీ మీద వాటర్ కలర్ వేసి, పక్కన ఏ ఇంకు ఎంత అని కోడ్ రాసిచ్చేవాళ్లు. అంటే వాళ్లు బొమ్మకి రంగు వేయట్లేదు, ప్రెస్సుకి ఇన్‌స్ట్రక్షన్ రాస్తున్నారు. నాకు ఇది చాలా నచ్చింది.

మన దేశంలో 1967లో అనంత్ పాయ్ అమర్ చిత్ర కథ మొదలుపెట్టినప్పుడు పరిస్థితి ఇంకా ఇరుకు. తొలి సంచికల్లో పసుపు, నీలం, ఆకుపచ్చ, ఇవే కనిపిస్తాయి. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ కదా, కాబట్టి రెండు ఇంకులతో మూడు రంగులు లాగేశారన్నమాట. ఎర్రచీర ఉండాల్సిన చోట ఎర్రచీర ఉండదు. అబిడ్స్‌లో అలాంటిది దొరికితే చిరిగిందని వదిలేయకండి.

ఇప్పుడు మన తెలుగు బొమ్మలకి వద్దాం. ఈ వీడియో చేయాలనుకున్నదే దీనికోసం.

చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది, నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. లోపలి పేజీల్లో శంకర్ గారి బొమ్మలు గుర్తున్నాయా? భుజాన శవం, చేతిలో కత్తి, విక్రమార్కుడు. ఆ బొమ్మలో నీడ ఎలా వస్తుంది? సన్న గీతలు పక్కపక్కనే. దానికి కారణం అందం ఒక్కటే కాదు. అప్పట్లో బొమ్మ అచ్చు వేయాలంటే లోహపు బ్లాకు చేయించాలి. లైన్ బ్లాకు చవక, కానీ దానికి నలుపు, తెలుపు తప్ప మధ్యలో ఏమీ తెలియదు. బూడిద ఛాయ కావాలంటే హాఫ్‌టోన్ బ్లాకు, అంటే బొమ్మని జల్లెడ లాంటి స్క్రీన్ గుండా చుక్కలుగా విరగ్గొట్టాలి. ఖర్చు ఎక్కువ, కాగితం కూడా నున్నగా ఉండాలి. గీతలతోనే నీడ పుట్టించగలిగిన ఆర్టిస్టుకి ఆ జల్లెడ అక్కర్లేదు.

ఇదే ఇబ్బందికి ఇద్దరు తెలుగువాళ్లు పూర్తిగా ఎదురెదురు జవాబులు ఇచ్చారు.

ఒకరు వడ్డాది పాపయ్య, వపా. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విజయనగరంలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు, తర్వాత కశింకోటలో స్థిరపడ్డారు. చందమామ, యువ ముఖచిత్రాలు చూడండి. వపా బొమ్మలో ఒక రంగు ఎక్కడ ఆగిందో, ఇంకో రంగు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. కరిగిపోతాయి. ప్రెస్సుకి ఇది పెద్ద పరీక్ష. నాలుగు ప్లేట్లూ వెంట్రుకవాసి జరగకుండా పడితేనే ఆ కరగడం మిగులుతుంది. కొంచెం జరిగితే మొహం బురద. బొమ్మ గీసేది ఉత్తరాంధ్రలో, ప్రెస్సు మద్రాసులో. పక్కన నిలబడి ‘కొంచెం ఎరుపు తగ్గించండి’ అనే అవకాశం లేదు. అయినా తగ్గలేదాయన.

రెండోవారు బాపు. 1933, నరసాపురం. మద్రాసులో లా చదివి, ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేసి, యాడ్ ఏజెన్సీల్లో పనిచేసి, తర్వాత సినిమాలు. షూటింగ్‌కి ముందే సీన్లన్నీ బొమ్మలుగా వేసుకునేవారు, అంటే ఒకరకంగా సినిమాని ముందు కామిక్‌గా గీసేవారన్నమాట. బాపు గారి దారి వేరు. బ్రష్‌తో లావెక్కి సన్నబడే ఒక్క గీత, ఆ గీత లోపల నింపాదిగా పరిచిన ఒకే రంగు. ఇందులో ప్రెస్సు పాడుచేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. రంగు గీత దాటి కొంచెం పక్కకి పోయినా బొమ్మ బతుకుతుంది. నాసిరకం వీక్లీ కాగితం మీద కూడా బాపు బొమ్మ బాపు బొమ్మే.

ఎవరు గొప్ప అని అడక్కండి, నేను ఆ గొడవలోకి రాను. కానీ బ్యాక్‌ఎండ్ మీద నమ్మకం పెట్టి కోడ్ రాసేవాళ్లు, నమ్మకం లేకుండా రాసేవాళ్లు అని రెండు రకాలుంటారు కదా. బాపు గారు రెండో రకం. నేనూ అదే, అందుకని నాకు పక్షపాతం.

ఇంత చుక్కల గోల ఎందుకంటే, ఈమధ్య ఫోన్లలో ‘రీస్టోర్’ చేసిన పాత ముఖచిత్రాలు తెగ తిరుగుతున్నాయి. ఏఐ టూల్‌లో పడేస్తే మెరిసిపోతుంది. ఆ టూల్ లోపల ఏం జరుగుతుందో చెప్తా. దానికి చుక్క అంటే నాయిస్. చుట్టుపక్కల రంగులతో కలిపి నున్నగా చేసేస్తుంది. తేడా ఉన్నచోట, తను నేర్చుకున్న లక్షల బొమ్మల్లోంచి ఏదో ఊహించి నింపుతుంది. అంటే ఏ స్క్రీన్ వాడారు, ప్లేట్ ఎటు జరిగింది, ప్రెస్సుతో ఆర్టిస్టు ఎలా కుస్తీ పట్టాడు, ఆ సాక్ష్యం మొత్తం పోతుంది. తర్వాత ఆ ఫైలే అందరి దగ్గరా తిరిగి, అదే ఒరిజినల్ అయి కూర్చుంటుంది.

మన నగరానికి ఇది కొత్త కాదు. అబిడ్స్ నుంచి నాంపల్లి వైపు వెళ్తే పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం, అందులో అజంతా గ్యాలరీ ఉంది. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోది. గోడల మీద జాతక కథలు, ఒకే గోడ మీద ఒకే మనిషి నాలుగైదు చోట్ల, గళ్లు లేని కామిక్ అనుకోండి. 1920లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి చెక్కోని, ఒర్సిని అనే నిపుణుల్ని పిలిపించింది. రాలిపోతున్న పెచ్చుల్ని వాళ్లు నిలబెట్టారు, అది నిజంగా మేలే. కానీ పైన లక్కతో చేసే షెల్లాక్ వార్నిష్ పూశారు. అప్పుడు తళతళలాడింది. ఏళ్లు గడిచేకొద్దీ అది పసుపుపచ్చగా, తర్వాత ముదురుగా మారి అసలు రంగుల్ని కప్పేసింది. దాన్ని తీయడానికి తర్వాతి తరాల కెమిస్టులు ఏళ్ల తరబడి పనిచేయాల్సి వచ్చింది.

కాపీల సంగతి ఇంకా దారుణం. రాబర్ట్ గిల్ ఏళ్లపాటు గుహల్లో కూర్చుని వేసిన కాపీల్లో ఎక్కువభాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కాలిపోయాయి. గ్రిఫిత్స్ బృందం మళ్లీ వేస్తే, వాటిలో కొన్నింటిని 1885లో లండన్‌లోనే ఇంకో అగ్నిప్రమాదం మింగేసింది. 1909 తర్వాత లేడీ హెరింగ్‌హామ్ బృందం మళ్లీ మొదలుపెట్టినప్పుడు నందలాల్ బోస్ లాంటివాళ్లతో పాటు హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, ఫజ్లుద్దీన్ వెళ్లారు. సయ్యద్ అహ్మద్ ఆ తర్వాత కూడా అజంతానే పట్టుకుని ఉండిపోయారు. ఆయన చేతి కాపీలు నాంపల్లిలో ఉన్నాయి. నందలాల్ పేరు స్కూల్ పుస్తకాల్లో ఉంటుంది. సయ్యద్ అహ్మద్ పేరు మన హైదరాబాద్ వాళ్లకే తెలియదు, నాకు ఇది కొంచెం మంటగా ఉంటుంది.

కాబట్టి స్కాన్ చేసేవాళ్లకి నా రిక్వెస్ట్ ఒక్కటే. పాత పుస్తకం స్కాన్ చేస్తే 600 డీపీఐలో, ఫిల్టర్లు అన్నీ ఆఫ్ చేసి, మరకతో సహా ఒక కాపీ దాచండి. తర్వాత రెండో కాపీ మీద ఏ ఏఐ కావాలంటే అది ఆడుకోండి.

మ్యూజియంకి శుక్రవారం సెలవు. రెండూ ఒకేరోజు చూడాలంటే ఆదివారం, ముందు అబిడ్స్ కానివ్వండి. పొద్దున్నే వెళ్లండి, మంచి కామిక్స్ ముందే ఎగిరిపోతాయి.