ఢిల్లీ రోడ్డులో బస్సు వాటా

2008 ఏప్రిల్‌లో దక్షిణ ఢిల్లీలోని చిరాగ్ దిల్లీ కూడలి దేశమంతటికీ తెలిసిపోయింది. అంబేడ్కర్ నగర్ నుంచి ఆ కూడలి మీదుగా మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల మేర రోడ్డు నడిమధ్యన బస్సులకు విడిగా దారి వేసి, వాటిని నడపడం మొదలుపెట్టారు. కార్లు పక్క వరసల్లో బారులు తీరాయి. సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయినవాళ్లకు కుడివైపున బస్సుల దారి ఖాళీగా కనబడుతుంటే ఒళ్లు మండిపోయింది. టీవీ కెమెరాలు వచ్చి నిలబడింది కూడా ఆ బారుల దగ్గరే.

ఆ ఖాళీలోనే అసలు లెక్క ఉంది. నిమిషానికి ఒక బస్సు, బస్సుకు 60 మంది అనుకుంటే గంటకు 3,600 మంది ఆ దారిలో వెళ్లిపోతారు. కారుకు ఇద్దరేసి చొప్పున వేసుకున్నా అంతమందికి 1,800 కార్లు కావాలి. ఒక బస్సు వెళ్లాక ఇంకోటి వచ్చేదాకా దారి బోసిగా ఉంటుంది. చూసేవాళ్లకు అది వృథా. ప్లాన్ గీసినవాళ్లకు మాత్రం దారి బాగా పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ (బీఆర్‌టీ) అనే ఈ ఆలోచన ఢిల్లీలో పుట్టింది కాదు. బ్రెజిల్‌లోని కురిచిబా నగరంలో, ఆర్కిటెక్టుగా పనిచేసి మేయరైన జైమె లెర్నర్ హయాంలో 1974లో బస్సులకు ప్రత్యేక దారులు వచ్చాయి. ఎక్కేముందే టికెట్ తీసుకుని, బస్సు నేలకు సమానమైన ఎత్తులో నిలబడే గొట్టాల్లాంటి స్టేషన్లు 1991లో చేరాయి. కొలంబియా రాజధాని బొగోటాలో 2000 డిసెంబరులో ట్రాన్స్‌మిలేనియో అనే బస్సు వ్యవస్థ మొదలైంది. మెట్రోకు అయ్యే ఖర్చులో చిన్న భాగంతోనే లక్షలమందిని తరలించవచ్చని బొగోటా చూపించాక, ఆసియా నగరాల ఇంజనీర్లు అక్కడికి వరస కట్టారు.

ఢిల్లీ నమూనాకు మేధోబలం ఐఐటీ ఢిల్లీలో రవాణా, రోడ్డు భద్రత మీద పరిశోధించే బృందం. దినేశ్ మోహన్, గీతం తివారీ అందులో ముఖ్యులు. వాళ్ల పట్టుదల బస్సు దగ్గరే ఆగలేదు. సైకిల్‌వాళ్లకు వేరే దారి, నడిచేవాళ్లకు సరైన ఫుట్‌పాత్, రోడ్డు పక్క చిరువ్యాపారులకు చోటు ఉండాలన్నారు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా వాహనాలను కాదు, మనుషులను లెక్కపెట్టి రోడ్డు పంచమంది. కానీ అన్నదమ్ముల ఆస్తి పంపకంలో ఇన్నాళ్లూ అంతా అనుభవించినవాడు తన వాటా తగ్గిందని గోల పెట్టినట్టే ఇక్కడా జరిగింది.

ఆ గోలలో కొంత నిజం లేకపోలేదు. రోడ్డు వెడల్పును పంచడం ఒక ఎత్తు, కూడలి దగ్గర సమయాన్ని పంచడం ఇంకో ఎత్తు. బస్సుల దారి మధ్యలో ఉంటే కుడివైపు తిరిగే కార్లు దాన్ని దాటాలి. నేరుగా పోయే బస్సులు, ఆ కార్లు ఎదురుపడకుండా సిగ్నల్‌ను మరిన్ని దశలుగా విడగొట్టాలి. దశలు పెరిగేకొద్దీ ఎవరి పచ్చలైటు కోసం వాళ్లు ఎదురుచూసే సమయం పెరుగుతుంది. చిరాగ్ దిల్లీ అసలే కిక్కిరిసిన కూడలి.

బస్టాపులను కూడళ్లకు దగ్గరగా కట్టడంలో ఓ తర్కం ఉంది. ప్రయాణికులు సిగ్నల్ దగ్గరే రోడ్డు దాటొచ్చు, ఎర్రలైటు పడ్డప్పుడే బస్సు మనుషుల్ని ఎక్కించుకోవచ్చు. అయితే ఇది గేట్లు లేని వ్యవస్థ. ప్రభుత్వ డీటీసీ బస్సులు, ప్రైవేటు బ్లూలైన్ బస్సులు ఏ రూటువైనా ఇందులోకి వచ్చి, అవసరమైన చోట బయటికి పోయేవి. ముందున్న బస్సు ఇంకా జనాన్ని ఎక్కించుకుంటుంటే వెనకవాటికి పచ్చలైటు ఉన్నా లాభం లేదు. దానికి తోడు స్కూటర్లు, కార్లు బస్సుల దారిలోకి దూరకుండా మార్షల్స్‌ను నిలబెట్టాల్సి వచ్చింది.

అహ్మదాబాద్ ఇంకో పద్ధతి ఎంచుకుంది. సెప్ట్ విశ్వవిద్యాలయ నిపుణులు గీసిన జనమార్గ్ అనే బస్సుల దారిలో తొలి 12.5 కిలోమీటర్లు 2009 అక్టోబరులో మొదలయ్యాయి. రద్దీ చోట్లను కలుపుదాం కానీ రద్దీ రోడ్ల జోలికి మొదటే పోవద్దన్నది వాళ్ల ఎత్తుగడ. అందుకే వెడల్పాటి రోడ్లతో మొదలుపెట్టారు. తలుపులున్న స్టేషన్లు కట్టారు, టికెట్ స్టేషన్లోనే ఇచ్చారు, ఆ దారికి సరిపడే బస్సులనే తిప్పారు, నిర్వహణకు విడిగా కంపెనీ పెట్టారు. ఢిల్లీ మాత్రం తన తొలి పరీక్షను కష్టమైన చోటే రాసింది.

2012లో ఢిల్లీ బస్సుల దారి వ్యవహారం హైకోర్టుకెక్కింది. బస్సుల దారిలోకి అన్ని వాహనాలనూ వదిలి చూసిన కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ, బీఆర్‌టీ లేకపోవడమే మేలని నివేదిక ఇచ్చింది. అదే అధ్యయనంలో బస్సు ప్రయాణికులు, సైకిల్‌వాళ్లు, పాదచారులు మాత్రం ప్రత్యేక దారుల వైపే మొగ్గారు. అక్టోబరులో కోర్టు, ఆ దారికి వ్యతిరేకంగా వేసిన పిటిషన్‌ను కొట్టేసి బస్సుల దారిని నిలబెట్టింది. అయినా దాన్ని మూల్‌చంద్ దాటించి పొడిగించే ధైర్యం ఏ ప్రభుత్వమూ చేయలేదు. 2015 జులైలో ఆమ్ ఆద్మీ పార్టీ ప్రభుత్వం దాన్ని తొలగించాలని నిర్ణయించింది. 2016 జనవరిలో కూల్చివేత మొదలైంది.

ఢిల్లీలో బస్సుల దారి నడుస్తున్న రోజుల్లోనే కేంద్ర పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం నిధులతో విశాఖపట్నం, విజయవాడల్లోనూ బీఆర్‌టీఎస్ పనులు నడిచాయి. విశాఖలో పెందుర్తి, సింహాచలం వైపు రెండు కారిడార్లు తలపెట్టారు. రోడ్లు వెడల్పయ్యాయి గానీ, జనమార్గ్ తరహాలో స్టేషన్లు, ప్రత్యేక బస్సులు, వాటిని నడిపే కంపెనీ కలిసిన వ్యవస్థ రాలేదు. ఆటోవాళ్లు నేటికీ ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ అనే పిలుస్తారు. అందులో బస్సు, కారు, ఆటో, బైకు అన్నీ కలిసే పోతుంటాయి.