నూరుసార్లు చూచినా...

పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనే నియమాన్ని తార్కికులు వ్యాప్తి అన్నారు. వంటింట్లో పలుమార్లు చూచి దానిని గ్రహిస్తామని ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో తర్కసంగ్రహంలో వ్రాశాడు. కొన్నింటిని చూచి అన్నింటికీ నియమం చెప్పే ఈ దారినే మేము బడిలో ఆగమన పద్ధతి అనేవాళ్లం. (గ్యాసు పొయ్యిలో పొగ లేదే అనకండి. నిప్పు లేని పొగ కనబడితేనే వ్యాప్తికి భంగం.)

చాలామంది అక్కడితో పుస్తకం మూసేస్తారు. ఆయనే తన దీపికావ్యాఖ్యలో ఎత్తిన ఆక్షేపణ చూడరు. పార్థివ పదార్థాలను ఇనుముతో గీయవచ్చునని నూరుసార్లు చూచినా, వజ్రం దగ్గర ఆ నియమం తప్పుతుంది! కనుక చూచిన లెక్క చాలదు. నియమం తప్పిన చోటు ఎరుకలో ఉండకూడదు, తప్పుతుందేమోనన్న శంకా ఉండకూడదు.

ఆ శంకకు అంతెక్కడ? నీ నడతకే విరోధం వచ్చేచోట అది ఆగుతుందని ఉదయనుడు అంతకు చాలాముందే న్యాయకుసుమాంజలిలో అన్నాడు. శ్రీహర్షుడు ఒప్పుకోలేదు. (శ్రీనాథుడు తెనిగించిన నైషధం ఈయనదే, ఎంత కరుకు తార్కికుడో ఖండనఖండఖాద్యం చదివితేగాని తెలియదు.) శంక ఉంటేనే గదా విరోధం, ఆ విరోధమే శంకకు హద్దెలా అవుతుందని ఆయన ప్రశ్న. మిథిలలో గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణిలో బదులిచ్చాడు: పొగ కావలసినవాడు తడబడకుండా నిప్పే రాజేస్తాడు, ఆకలి తీరాలంటే అన్నమే తింటాడు, ఇక శంక ఏది?

జవాబు సొగసైనదే. కాని నిప్పు రాజేయడం మన నమ్మకానికి సాక్ష్యం, చూడని పొగలకు కాదు. శ్రీహర్షుడు దీనికి లొంగేవాడని నాకు తోచదు.