ఉద్దానం శరత్తు: ఛాయాచిత్రమే శాసనం

శరత్తు అనగానే మన కావ్యాలు అలవాటు చేసిన దృశ్యం ఒకటి మనసులో మెదులుతుంది. తేరిన ఏటినీరు, విచ్చిన రెల్లుపూలు, బరువు దించుకొన్న తెలిమబ్బులు, పిండారబోసినట్టు వెన్నెల. పాశ్చాత్యుల శరత్తు పండుటాకుల ఎరుపూ పసుపూ అయితే, మనది తెలుపు. ప్రయాణాలలో కెమెరా వెంట ఉంచుకొనే అలవాటున్నవాణ్ణి కనుక, ఆ తెలుపును బొమ్మలో పట్టడానికి మనుషులు పడిన పాట్లను గురించీ, పట్టిన బొమ్మకు కాలం ఇచ్చే విలువను గురించీ మిత్రులతో నాలుగు మాటలు పంచుకోవాలనిపించింది.

ఛాయాచిత్రకళ 1839లో లోకానికి వెల్లడయింది. 1856లో మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. ఆ ఏడే లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా నియమితుడయ్యాడు. 1857 డిసెంబరులో బయలుదేరి శ్రీరంగం, మధుర, తంజావూరు మొదలైన చోట్ల గుళ్ళనూ కొండలనూ చిత్రించాడు. మన అమరావతి శిల్పాలను 1858లో మద్రాసులో చిత్రించినదీ ఆయనే.

ఆనాటి రసాయనాలకు నీలిరంగు వెలుగంటే అతిచురుకు. నేలా చెట్లూ స్పష్టంగా పడేదాకా ఆగితే, ఆకాశం మబ్బు ఆనవాలు లేకుండా తెల్లకాగితమై మిగిలేది. అందుకే ట్రైప్ కొన్ని నెగెటివుల మీద మబ్బులను చేత్తో దిద్దుకొన్నాడు. 1873లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫోగెల్, రంగుల అద్దకంతో పలకకు ఆకుపచ్చను కూడా చూపవచ్చునని కనుగొన్నాడు. ఆకాశాన్నీ నేలనూ ఒకే బొమ్మలో ఇముడ్చుకొనే దారి అక్కడినుంచి మెల్లగా తెరుచుకొంది.

ట్రైప్ సాగించిన ఆ దక్షిణయాత్రలో మన ఉత్తరపు కొస లేదు. ఇచ్ఛాపురం మండలంలోని డొంకూరు ప్రాంతం అప్పుడు గంజాం జిల్లాలోది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి, 1950లో కొత్తగా ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. శరత్తులో టెక్కలి నుంచి డొంకూరు దాకా వెళ్ళేవారికి కావ్యాల తెలుపంతా దారిపొడుగునా ఎదురవుతుంది. తేలినీలాపురం చెట్లమీద వలస వచ్చిన గూడబాతులు, నౌపడ ఉప్పుమళ్ళ నీటిలో మబ్బుల నీడలు, బారువ దగ్గర కడలిలో కలిసే మహేంద్రతనయ, పడమట మహేంద్రగిరి, చివరికి డొంకూరు రేవులో తెల్లని నురగ. మధ్యమధ్య కొబ్బరి, జీడిమామిడి తోటల పచ్చదనం. ఉద్దానమంటే ఉద్యానమే అని మా పెద్దలు చెప్పేవారు.

అయితే ఆ కావ్యశరత్తుకు ఇక్కడ మరో ముఖం ఉంది. నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగే వేళ బంగాళాఖాతం ఇంకా వెచ్చగానే ఉంటుంది. వాయుగుండాలు తుపానులుగా బలపడే అదను అదే. 1999 అక్టోబరులో గోపాలపురం దగ్గర ఒకటి తీరం దాటింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ కూడా ఆ చుట్టుపక్కలనే దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, శరన్నవరాత్రులలో, తిత్లీ తుపాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలులతో పలాస సమీపాన తీరం దాటింది. తాతలు నాటిన కొబ్బరిచెట్లు ఒక్క పూటలో నేలకొరిగాయి. కొబ్బరిమొక్క కాపుకు రావడానికే ఏళ్ళు పడుతుంది. తోట మళ్ళీ తోట కావడానికి ఒక తరం కావాలి.

ఆ ఉదయానికి ముందు దారినపోయేవారు సరదాగా తీసుకొన్న బొమ్మల విలువ అప్పుడు తెలిసింది. చెట్ల వరుస ఎంత దట్టంగా ఉండేదో, గట్టు ఎక్కడుండేదో, ఇళ్ళకూ అలలకూ ఎంత ఎడముండేదో వాటిలో ఉంది. తోట పోగొట్టుకొన్నవాడికి మిగిలిన దస్తావేజు కొన్నిచోట్ల అదొక్కటే. అందం కోసం తీసినది సాక్ష్యమై నిలిచింది.

మా జిల్లాలోని శ్రీముఖలింగం ఆలయంలో గాంగరాజుల నాటి శాసనాలున్నాయి. ఇచ్చిన దానం చిన్నదైనా శకవర్షమూ తిథీ వారమూ చెక్కించడం శాసనకర్తల ఆచారం. వాటి వల్లనే చరిత్రకారుడు రాజుల వరుసను పేర్చగలుగుతున్నాడు. కాలం తెలియని శాసనం ఎంత మౌనంగా ఉంటుందో, తేదీ లేని ఛాయాచిత్రమూ అంతే.

కనుక మిత్రులారా, ఉద్దానంలో మీరెప్పుడైనా తీసిన బొమ్మలుంటే వెదికి బయటకు తీయండి. ఏ ఊరో, ఏ దిక్కుకు తిరిగి తీశారో, ఏ రోజో రాసి ఉంచండి. ఆ నాలుగు మాటల కోసం ఎదురుచూసేవారు ఇక్కడ ఉన్నారు.