నిద్ర లేవని యంత్రమూ, లేపిన ఆరుగురూ

కొత్త ఇంట్లో పాలు పొంగేదాకా ఇల్లాలికి మనసు కుదుటపడదు. గోడలకు సున్నాలయ్యాయి, తలుపులు బిగించారు, మేస్త్రీ తన డబ్బు పుచ్చుకుని వెళ్ళిపోయాడు. అయినా సరే, పాలగిన్నె పొయ్యిమీద పెట్టి, నురగ పైకొచ్చి నాలుగు చుక్కలు ఒలికితేనే అది ఇల్లయినట్టు!

విడిభాగాలు కొనుక్కొచ్చి సొంతంగా కంప్యూటరు బిగించుకునే మన పిల్లల సంగతీ అంతే. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో నాలుగు కొట్లు తిరిగి, బేరాలాడి, డబ్బా ఒకచోటా, మదర్‌బోర్డు ఇంకోచోటా కొంటారు. భోజనాల బల్లమీద పరిచి, పూటంతా కూర్చుని బిగిస్తారు. ఆఖరికి స్విచ్చి నొక్కుతారు. ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి. ఎర్రలైటూ, పచ్చలైటూ వెలుగుతాయి. తెర మాత్రం అమావాస్య రాత్రిలా నల్లగా అలాగే వుంటుంది. ఇంట్లో అందరూ ఒక్కసారే అడుగుతారు: "ఏం పాడయింది?" ఆ వెంటనే రెండో ప్రశ్న: "ఎవరు పాడుచేశారు?"

ఈ ప్రశ్నలు ఈనాటివి కావు. కంప్యూటరుతోపాటే పుట్టాయి. అన్ని రకాల లెక్కలూ చేయడానికి తయారైన తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటరు కూడా కొత్తలో ఇలాగే మొరాయించింది. దాన్ని దారిలోకి తెచ్చినవాళ్ళు ఆరుగురు అమ్మాయిలంటే నమ్ముతారా? నమ్మకపోయినా మీ తప్పేం లేదు. నలభై ఏళ్ళపాటు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు మరి!

ఆ యంత్రం పేరు ఎనియాక్. రెండో ప్రపంచయుద్ధం జరుగుతూండగా 1943లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన మూర్ స్కూల్లో దాన్ని కట్టడం మొదలుపెట్టారు. జాన్ మాక్లీ, ప్రెస్పర్ ఎకర్ట్ అనే ఇద్దరు దానికి రూపకర్తలు. ఫిరంగి గుండు ఎంత ఎత్తున పేలిస్తే ఎక్కడ పడుతుందో లెక్క కట్టి పట్టికలు తయారుచేయడం దాని పని. బరువు ముప్ఫై టన్నులు. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే వాల్వులు చూశారు కదా, అలాంటివి దాదాపు 18 వేలు. తీగెలకు టంకం పెట్టిన చోట్లు సుమారు 50 లక్షలు. ఇందులో ఏ ఒక్కటి వదులైనా లెక్క తప్పుతుంది!

ఎలుకలు తీగెలు కొరుకుతాయేమోనని కూడా భయపడ్డారట. రకరకాల తీగెలు తెచ్చి, ఆకలితో వున్న ఎలుకల ముందు పడేసి, అవి ముట్టని రకాన్నే ఎకర్ట్ ఎంచుకున్నాడని చెబుతారు. వంటింట్లో బియ్యం బస్తా కాపాడుకునే మనకి ఆయన కష్టం బాగానే అర్థమవుతుంది.

ఎలుకల బెడద తీరింది గాని వాల్వుల బెడద తీరలేదు. మన ఇంట్లో పాతకాలపు బల్బు మాడిపోయేది ఎప్పుడు? చాలాసార్లు స్విచ్చి వేసిన క్షణంలోనే కదా! వాల్వులూ అంతే. యంత్రం వేడెక్కేటప్పుడూ, ఆపాక చల్లారేటప్పుడూ ఎక్కువగా పోయేవి. అందుకని అసలు ఆర్పడమే మానేశారు. రాత్రీ పగలూ అఖండదీపంలా వెలుగుతూనే వుంచారు. అప్పటికి గాని, రెండురోజులకు ఒక వాల్వు పోవడం అనే స్థితికి రాలేదు. పోయిన ఆ ఒక్కటీ 18 వేలల్లో ఏదో కనిపెట్టడం ఎలా? అదీ అసలు చిక్కు.

ఇక మన అమ్మాయిల దగ్గరకు వద్దాం. ఆ రోజుల్లో కంప్యూటరు అంటే యంత్రం కాదు, మనిషి. లెక్కలు చేసే ఉద్యోగిని అలా పిలిచేవారు. మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళిపోవడంతో మూర్ స్కూల్లో దాదాపు ఎనభైమంది ఆడపిల్లలు ఆ ఉద్యోగంలో వుండేవారు. ఒక్క గుండు ప్రయాణం లెక్క కట్టడానికి ఒక మనిషికి ముప్ఫై గంటల పైన పట్టేది. గణితంలో పట్టాలున్నా సర్కారువారి పద్దులో వాళ్ళది "సబ్‌ప్రొఫెషనల్" హోదా. అంటే అసలైన నిపుణులకంటే ఒక మెట్టు కిందన్నమాట!

1945లో వాళ్ళలోంచి ఎనియాక్ పనికి ఎంపికైనవారు కే మెక్‌నల్టీ, బెట్టీ జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. కే ఐర్లండులో పుట్టింది. మూడేళ్ళ వయసులో అమెరికా వచ్చినప్పుడు ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. జీన్ మిస్సోరీలో పొలం పనులు చేసుకునే రైతుబిడ్డ. బెట్టీ స్నైడర్ కాలేజీలో చేరిన మొదటిరోజునే లెక్కల ప్రొఫెసరుగారు, "ఇంట్లో పిల్లల్ని పెంచుకోక నీకిక్కడ ఏం పని?" అన్నట్టు మాట్లాడాట్ట. ఆ అమ్మాయి లెక్కలు వదిలేసి పత్రికారచన చదువుకుంది. కాని లెక్కలు ఆమెను వదల్లేదు!

తమాషా ఏమిటంటే, మొదట్లో ఆ యంత్రం వున్న గదిలోకి వీళ్ళను రానివ్వలేదు. అది యుద్ధరహస్యం, వీళ్ళకింకా అనుమతి రాలేదు. దుప్పటంత దుప్పటంత పటాలు చేతికిచ్చి, చూసి నేర్చుకోమన్నారు. పుస్తకం లేదు, పాఠం చెప్పే పంతులు లేడు. ఒకరోజు జీన్, బెట్టీ కూర్చుని పటాలతో కుస్తీ పడుతూంటే ఒకాయన లోపలికి వచ్చాడు. పైన కొత్త అంతస్తు కడుతున్నారు, కప్పు కూలుతుందేమో చూసిపోదామని వచ్చాట్ట. ఆయనే జాన్ మాక్లీ! దొరికిన వాణ్ణి వదులుతారా? కూర్చోబెట్టి, ఈ పటంలో వున్నది ఎలా పనిచేస్తుందో చెప్పమన్నారు. ఆయన విసుక్కోకుండా చెప్పాడు. అలా అడిగి అడిగి, తీగె వెంట తీగె పట్టుకుపోయి, యంత్రాన్ని చూడకుండానే దాని నాడులన్నీ నేర్చుకున్నారు.

అదే తరవాత అక్కరకు వచ్చింది. ఈనాటిలా మీటలమీద టైపు చేస్తే అర్థం చేసుకునే యంత్రం కాదది. ఏ లెక్క కావాలంటే దానికి తగ్గట్టు వందల కేబుళ్ళు ఒకచోటినుంచి తీసి ఇంకోచోట గుచ్చాలి, వేల స్విచ్చిలు సరిచేయాలి. అంతా అయ్యాక జవాబు తప్పు వచ్చిందనుకోండి. తప్పు ఎక్కడ? మనం వేసిన లెక్కలోనా, గుచ్చిన కేబుల్లోనా, మాడిన వాల్వులోనా? ఇంజనీర్లకు వాల్వుల సంగతి తెలుసు, లెక్క సంగతి అంతగా తెలియదు. ఈ అమ్మాయిలకు రెండూ తెలుసు.

వాళ్ళు చేసిన పద్ధతి చెబితే, ఓస్ ఇంతేనా అంటారు. నెలాఖరున ఇంటి లెక్క కుదరనప్పుడు మనమేం చేస్తాం? పాలవాడి ఖాతా ఒకటి, చాకలి పద్దు ఒకటి, వరసగా టిక్కు పెట్టుకుంటూ వస్తాం. ఎక్కడిదాకా సరిపోయిందో తెలిస్తే, తప్పు ఆ తరవాతే వుంటుంది. మార్లిన్, రూత్ సరిగ్గా ఇదే చేశారు. యంత్రం చేయాల్సిన లెక్కను అంచెలంచెలుగా, అది చేసే వరసలోనే, ముందుగా చేత్తో చేసి పెట్టుకున్నారు. తరవాత యంత్రాన్ని ఒక్కొక్క అడుగే వేయించి, దీపాలు చూసి, కాగితంమీది అంకెతో పోల్చుకునేవారు. మధ్యలో ఎక్కడ ఆగాలనుకుంటే అక్కడ కేబులు పీకేసేవారు. ఈనాడు సాఫ్టువేరు ఉద్యోగాలు చేస్తున్న మన అమ్మాయిలు "బ్రేక్‌పాయింట్" అంటూ వుంటారే, ఆ మాట అక్కడినుంచే వచ్చిందంటారు. ఇలా సగం సగం వెతుక్కుంటూ పోయి, ఆఖరికి "ఇదిగో, ఈ వాల్వు మార్చండి" అని ఇంజనీర్లకే చెప్పే స్థితికి వచ్చారు.

1946 ఫిబ్రవరి 15న యంత్రాన్ని లోకానికి చూపించాలని ముహూర్తం పెట్టారు. గుండు ప్రయాణం లెక్క వేసి చూపించే బాధ్యత జీన్, బెట్టీలమీద పడింది. ముందురోజు రాత్రి వరకు అంతా సవ్యంగానే వుంది. ఒక్కటే లోపం. గుండు నేలను తాకాక లెక్క ఆగాలి కదా, ఆగడం లేదు! గుండు భూమిలోకి దూసుకుపోతూనే వుంది. ఎంత వెతికినా అంతు దొరకలేదు. చాలా రాత్రయ్యాక ఇంటికి వెళ్ళి పడుకున్నారు. తెల్లవారి లేచేసరికి బెట్టీ స్నైడర్‌కు జవాబు తట్టింది. తిన్నగా వెళ్ళి, వేల స్విచ్చిల్లో ఒక్కటంటే ఒక్కటి ఒక గుర్తు పక్కకు తిప్పింది. ఎన్నిసార్లు తిరగాలో చెప్పే లెక్కలో ఒకటి తేడా, అంతే!

ఆరోజు గుండు గాలిలో ముప్ఫై సెకన్లు ప్రయాణం చేసే లెక్కను ఎనియాక్ ఇరవై సెకన్లలో చేసి పెట్టింది. గుండు నేలమీద పడకముందే ఎక్కడ పడుతుందో తెలిసిపోయిందన్నమాట. వచ్చిన పెద్దలు చప్పట్లు కొట్టారు. పత్రికలు మొదటి పేజీలో రాశాయి. రాత్రి గొప్ప విందు జరిగింది. ఆ విందుకు ఈ ఆరుగురికీ పిలుపు లేదు. ఫిబ్రవరి చలిలో ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

తరవాత సైన్యంలో చేరమని ఒక ప్రకటన వేశారు. ఎనియాక్ ఫోటో పెట్టి, అందులో ఆడవాళ్ళున్న భాగం కత్తిరించేశారు. 1980 దశకం మధ్యలో క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫోటోలు చూసి, యంత్రం పక్కన నిలబడ్డ ఈ అమ్మాయిలెవరని అడిగింది. "అబ్బే, అందంకోసం నిలబెట్టిన మోడల్సు. ఫ్రిజ్ ప్రకటనల్లో తలుపు తీసి చూపిస్తారే, అలాగ" అన్నారుట! ఆమె ఊరుకోలేదు. వెతికి వెతికి వాళ్ళను పట్టుకుంది. 1997లో ఆరుగురికీ సాంకేతికరంగంలోని మహిళల గౌరవపీఠంలో స్థానం దక్కింది.

ఎనియాక్ తరవాత కథ వేగంగా నడిచింది. ఆజ్ఞలు తీగెల్లో గుచ్చే బదులు యంత్రం జ్ఞాపకంలోనే వుంచడం మొదలైంది. అక్కడొక కొత్త చిక్కు. ఆజ్ఞలను లోపలికి తీసుకోవడానికి కూడా ఒక ఆజ్ఞ కావాలి. మరి దాన్ని ఎవరు తీసుకుంటారు? తన భుజం తానే ఎక్కాలన్నట్టుంది! ఇంగ్లీషువాళ్ళు దీన్నే తన బూట్ల పట్టీ పట్టుకుని తన్ను తాను పైకి లాక్కోవడం అంటారు. "బూట్" అనే మాట అందులోంచి పుట్టిందే. 1949 మే 6న కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అనే యంత్రం తొలిసారి పనిచేసింది. దానికోసం డేవిడ్ వీలర్ అనే విద్యార్థి, టెలిఫోను ఎక్స్చేంజీల్లో వాడే స్విచ్చిలమీద 31 మేలుకొలుపు ఆజ్ఞలు అమర్చిపెట్టాడు.

1975లో ఆల్టేర్ అనే చిన్న కంప్యూటరు విడిభాగాలుగా వచ్చింది. ఇంట్లో బిగించుకోవాలి. దానికి తెర లేదు, మీటలు లేవు, స్విచ్చిలూ లైట్లే. పాల్ ఆలెన్, బిల్ గేట్స్ దానికి ప్రోగ్రాం రాశారు. తీరా చూపించడానికి విమానమెక్కాక, మేలుకొలుపు ఆజ్ఞలు రాయనే లేదని ఆలెన్‌కు గుర్తొచ్చింది. విమానం దిగేలోపల రాసేశాడు! 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటరు వచ్చాక యంత్రం తన్ను తానే పరీక్షించుకుని, బాగుంటే ఒక్కసారి "బీప్" మనడం నేర్చింది.

మరి మన భోజనాల బల్లమీది నల్లతెర మాటేమిటి? ఆ ఆరుగురి పద్ధతే ఇప్పటికీ మందు. ముందు గోడ స్విచ్చీ, డబ్బా వెనక వుండే చిన్న స్విచ్చీ చూడాలి. నవ్వకండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. మదర్‌బోర్డుకు పెద్ద ప్లగ్గు కాక ప్రాసెసరుకు విడిగా ఇంకో ప్లగ్గు వుంటుంది. అది మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయిగాని పని జరగదు. గ్రాఫిక్స్ కార్డు వుంటే తెర తీగె దానికే గుచ్చాలి, పక్కన బోర్డుమీద వున్న సందులో కాదు. మెమొరీ కర్రలు తీసి, టక్కుమనేదాకా మళ్ళీ నొక్కాలి. అప్పటికీ లేవకపోతే, తప్పనిసరి భాగాలు తప్ప అన్నీ తీసేసి, ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ రావాలి. దేన్ని పెట్టగానే ఆగిందో, దొంగ అక్కడే వుంటాడు. కొత్తరకం మెమొరీ అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే వుంటుంది. కంగారుపడి స్విచ్చి ఆర్పెయ్యకూడదు.

ఒకేసారి రెండు మార్చకపోవడం, తెలిసినచోటు నుంచి తెలియనిచోటికి నడవడం, ఓపిక పట్టడం - విద్యంతా ఇంతే. మనవాడు విసిగి లేచిపోతే, పక్కనున్న మనవరాలిని ఒకసారి చూడనివ్వండి. తెర వెలిగిందా, ఆ పూట భోజనానికి మాత్రం పిల్లను మొట్టమొదట పిలవడం మరిచిపోకండేం!