వేసవి మేత: చెట్టు ఆకు కథ

రాజుల జయాపజయములు, కోటల నిర్మాణములు చరిత్ర గ్రంథములలో విరివిగా కానవచ్చును. మేక నోటికందిన ఆకును గూర్చిన ప్రస్తావన వానిలో అరుదు. కాని మన ఓరుగల్లు సీమలో సంక్రాంతికి ఐలోని మల్లన్న జాతర మొదలై ఉగాది వచ్చునప్పటికి బీళ్లలోని పచ్చిక యెండిపోవును. అప్పటినుండి తొలకరి వరకు మేకల మందను బ్రదికించునది చెట్టు ఆకే. అది ఊరక దొరకు వస్తువని పలువురి తలంపు. చరిత్రను పరిశీలించినచో ఆ మేతకు ఎల్లప్పుడు ఒక యజమానియు, ఒక వెలయు నుండినట్లు తెలియగలదు.

మొదట మేక స్వభావమును గమనింతము. గొర్రె తలవంచి నేలపై గడ్డిని కొఱుకును. మేక తలయెత్తి, వెనుక కాళ్లపై నిలిచి కొమ్మనందుకొనును. అడ్డసరమును తమిళులు ఆడుతొడా యందురు. మేక ముట్టనిదని దాని యర్థము. మేక ముట్టని ఆకు ఎంత యరుదో ఆ పేరే చెప్పుచున్నది. మర్రి, రావి, జువ్వి, మేడి, వేప, రేగు, తుమ్మ, దిరిసెన, ఇవి యన్నియు దానికి మేతయే. కొన కొడవలి కట్టిన దోటితో కాపరి మండలను దింపును.

ఇందు శాస్త్రసమ్మతమైన కారణము కలదు. ఎండిన వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లు మాత్రమే. పలు చెట్ల ఆకులలో, తేమ తీసి తూచినచో, 10 పాళ్లకు పైగా నుండును; సుబాబులులో 20 పాళ్లు దాటును. చెట్ల వేళ్లు లోతునకు పోవుటచే, నేల పైపొర యెండినను కొమ్మ చిగిర్చును. ఎండలు ముదరక మునుపే రావి, వేప క్రొత్త ఆకు తొడుగును. వేసవిలో రాలు తుమ్మకాయలును మంచి మేతయే.

ఇక వెల మాట. కాకతీయుల కాలమున పచ్చిక బయళ్లలో మేపినందుకు పుల్లరియు, గొర్రెల మందలపై అడ్డపట్టు సుంకమును ఉండెను. 13వ శతాబ్దికి చెందిన కాటమరాజు కథకు మూలము పుల్లరియే. కరవు వచ్చి ఆవుల మందలను నెల్లూరు సీమకు తోలుకొనిపోగా, మనుమసిద్ధి రాజుతో పుల్లరిని గూర్చి పుట్టిన తగవు యుద్ధముగా మారినది. ఖడ్గతిక్కన అందు మడిసెను. ఆ కథను మన ప్రాంతమున మందహెచ్చులవారు గొల్లల యెదుట పాడుదురు. అది ఆవుల కథయే యైనను, ఎండకాలపు మేతకై పడిన పాటు మేకల కాపరికి క్రొత్త కాదు.

తరువాతి కాలమున అడవులు ప్రభుత్వముల యధీనమైనవి. పల్నాడులో పుల్లరి నెదిరించిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆదిలాబాదు అడవులలో మేతకును కట్టెలకును గోండులపై విధించిన పన్నుల నెదిరించి కుమ్రం భీము 1940లో జోడెఘాటున ప్రాణములర్పించెను. నిజాము రాజ్యమున 1355 ఫసలీలో, అనగా 1945 ప్రాంతమున, అడవుల చట్టము వచ్చెను. 1950 దశకమున పాకాల, ఏటూరునాగారము అడవులు వన్యప్రాణుల రక్షితప్రాంతములైనవి. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము వచ్చి, రక్షితారణ్యములలో అనుమతి లేక మేపుటయు, కొమ్మలు నరకుటయు నేరములైనవి. ఊరి బంచరాయి భూములు సయితము పెక్కు గ్రామములలో సేద్యమునకును ఇండ్లకును పోయినవి.

ఇందు ఎవరి పక్షమున న్యాయము కలదు? అటవీశాఖ వారి మాట అసత్యము కాదు. మొలక యెత్తగనే చిగురు కొఱికిన మొక్క మ్రాను కాజాలదు. కాపరి మాటయు అసత్యము కాదు. మేక పేదవాని యింట నిలువ ధనము. దానిని వేసవిలో మాడ్చలేడు. 2019 పశుగణనలో తెలంగాణమున దాదాపు 49 లక్షల మేకలున్నట్లు తేలినది. ఆ యేడే మన పొరుగున హుజూరాబాదులో నాటిన మొక్కలను మేసిన రెండు మేకలను ఠాణాకు తీసికొనిపోయిన వార్త పత్రికల కెక్కెను. చదివినవారు నవ్విరి. కాని పుల్లరి నాటి తగవే అందును ఉన్నది: ఈ ఆకు ఎవరిది? 2006 నాటి అటవీ హక్కుల చట్టము అర్హులైన అడవివాసుల మేత హక్కును గుర్తించినది. అది కొంత యూరట. అయినను హక్కు చెట్టును పెంచదు.

కావున గ్రామ సోదరులారా, చెట్టును మనమే పెంచవలెను. పొలము గట్లపై అవిసె, సుబాబులు, దిరిసెన నాటి, మొదటి రెండేండ్లు ముండ్లకంప కట్టి కాపాడవలెను. మండలు కొట్టునప్పుడు తలకొమ్మను విడిచి ప్రక్కకొమ్మలను మాత్రమే దింపవలెను. ఒకే చెట్టును ఏటేట బోడి చేయరాదు. కొట్టిన మండలను నేలపై పడవేయక, కట్టగట్టి మేక నోటి యెత్తున వ్రేలాడదీసిన వృథా తగ్గును. త్రొక్కిన ఆకును మేక ముట్టదు. సుబాబులు మంచిదే యైనను మొత్తము మేతలో మూడవ వంతునకు మించరాదు. మించినచో వెండ్రుక రాలును.

మన పూర్వులు ఆకునకు పన్ను చెల్లించిరి. కొందరు ప్రాణములే చెల్లించిరి. మనము చెల్లింపవలసినది గట్టున ఒక మొక్కయు, రెండేండ్ల కాపుదలయు మాత్రమే. గ్రంథాలయపు రజతోత్సవము జరుపుకొను ఈ శుభ సంవత్సరమున ప్రతి చందాదారుడును ఒక మేత చెట్టును నాటినచో, స్వర్ణోత్సవము నాటికి మన మేకలకు వేసవి భయము తీరగలదు.