డేటాబేస్‌కి దుబాసీ ఎలా దొరికాడు?

ఫోన్‌లో ట్రైన్ టికెట్ బుక్ చేస్తాం. యాప్ ఒక ప్రోగ్రామింగ్ భాషలో రాసి ఉండొచ్చు, వెబ్‌సైట్ ఇంకో భాషలో. సీట్ల లెక్క మాత్రం డేటాబేస్ సర్వర్‌లో ఉంటుంది. మరి ఇన్ని భాషలు దానితో ఎలా మాట్లాడుతున్నాయి? ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్, డేటాని పట్టికలుగా అమర్చవచ్చని ఒక పేపర్ రాశారు. ఆ ఆలోచనతోనే ఐబీఎంలో ఎస్‌క్యూఎల్ భాష పుట్టింది. అడగడానికి భాషైతే దొరికింది కానీ, ఆ ప్రశ్నని సర్వర్ దాకా మోసుకెళ్లే దారి ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉండేది. ఒరాకిల్‌కి ఒక లైబ్రరీ, సైబేస్‌కి ఇంకోటి. డేటాబేస్ మారిస్తే కోడ్‌లో ఆ భాగమంతా మళ్లీ రాసుకోవాల్సిందే!

1992లో మైక్రోసాఫ్ట్ ఓడీబీసీ తెచ్చింది. ప్రోగ్రామ్‌కీ సర్వర్‌కీ మధ్య డ్రైవర్ ఉంటుంది. పూర్వం మద్రాసులో ఇంగ్లీషు వర్తకులకీ స్థానికులకీ మధ్య దుబాసీ ఉండేవాడు చూడండి, అచ్చం అలాగే. డేటాబేస్ మారితే దుబాసీని మారిస్తే చాలు, కోడ్ చాలావరకు అలాగే ఉంటుంది. తర్వాత పెర్ల్‌కి డీబీఐ, 1997లో జావాకి జేడీబీసీ, పైథాన్‌కి డీబీ-ఏపీఐ వచ్చాయి. పేర్లు వేరైనా వరస ఒకటే: కనెక్ట్ అవ్వు, అడుగు, జవాబు చదువు, మూసెయ్.

ఇక్కడే ఒక ప్రమాదం దాగి ఉంది. యూజర్ టైప్ చేసిన పేరుని చాలామంది నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించేవారు. పేరు బదులు ఎవడైనా ఆదేశం టైప్ చేస్తే? సర్వర్ దాన్నీ పాటిస్తుంది! అందరి పాస్‌వర్డ్‌లూ బయటపడొచ్చు. ఈ దాడి గురించి 1998 డిసెంబర్‌లోనే ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో వచ్చింది. దీన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటున్నాం.

విచిత్రం ఏంటంటే, మందు ఓడీబీసీలో మొదటి నుంచీ ఉంది. వాక్యంలో పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, పేరుని విడిగా పంపాలి. అప్పుడు సర్వర్ దాన్ని ఆదేశంగా కాకుండా ఉత్త పేరుగానే చూస్తుంది. పీహెచ్‌పీలోని పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లలో ఈ సౌకర్యం లేదు. 2005లో పీడీవో వచ్చినా, ఆ పాతవాటిని తీసేసింది 2015లో, పీహెచ్‌పీ 7తోనే.

కోడింగ్ నేర్చుకుంటున్నారా? ఏ భాషైనా సరే, కనెక్ట్ అయ్యాక మొదట నేర్చుకోవాల్సింది విలువని విడిగా పంపడమే. ఎందుకంటే అవతల ఉన్నది మనలాంటి వాళ్ల వివరాలే. ఉంటాను ఫ్రెండ్స్!