సోయికూర: ఒక పేరు, అనేక ప్రయాణాలు

సోయికూరను సోపు మొక్కగా పొరబడడం మనవాళ్ళకు కొత్త కాదు. రెండూ కొత్తిమీర, జీలకర్ర, వాముల కుటుంబానికి చెందినవే. రెండింటికీ దారాల వంటి ఆకులు, గొడుగులా విచ్చుకునే పసుపు పూగుత్తులు. వాసన చూస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది. సోపు తియ్యన, సోయికూర కాస్త ఘాటు, కాస్త చేదు. మనకంటే ముందే ఎందరో పండితులు ఈ తికమకలో పడ్డారన్న సంగతే నన్ను దీని చరిత్రవైపు లాగింది.

మత్తయి సువార్త 23వ అధ్యాయంలో దశమభాగం చెల్లించే తోటమొక్కల ప్రస్తావన ఉంది. గ్రీకు మూలంలోని మాట 'అనేథాన్', అంటే మన సోయికూరే. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు దానిని 'అనిస్' అన్నది. తెలుగు బైబిలులో అది 'సోపు' అయింది. తరువాతి ఇంగ్లీషు అనువాదాలు 'డిల్' అని సరిదిద్దుకున్నాయి. యూదుల మిష్నాలో దీని గింజతోపాటు ఆకుకూ దశమభాగం లెక్కగట్టాలా అన్న చర్చ కూడా ఉంది. పెరటిలోని పిడికెడు ఆకు గురించి అంత తర్కించారంటే, అది వారికి ఎంత దగ్గరి మొక్కో ఊహించవచ్చు.

ఐరోపాలో షార్లమేన్ ఎస్టేట్ల కోసం సుమారు 800లో వెలువడిన శాసనం తోటలలో పెంచవలసిన మొక్కల జాబితాలో దీనిని చేర్చింది. సుమారు 820లో గీసిన సెయింట్ గాల్ మఠం పటంలో కూరతోటకు 18 మళ్ళు ఉన్నాయి. వాటిలో ఒకదానిమీద దీని పేరు రాసి ఉంది.

మన దేశంలో దీనికి 'శతపుష్ప' అన్న అందమైన పేరుంది. స్త్రీల, శిశువుల వైద్యానికి ప్రసిద్ధమైన కాశ్యపసంహితలో శతపుష్పా శతావరులకు ప్రత్యేకంగా ఒక కల్పమే ఉంది. 1793లో కలకత్తాకు వెళ్ళేవరకు మన సామర్లకోటలో మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బరో, భారతీయ రకాన్ని వేరుగా లెక్కించి దేశీయ నామంతోనే 'ఎనీథమ్ సోవా' అన్నాడు. ఇప్పుడు దానిని ఐరోపా మొక్కతో కలిపి ఒకే జాతిగా చూస్తున్నా, మన గింజల నూనెలో 'డిల్లాపియోల్' ఎక్కువన్న తేడా నిజమే.

1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన గ్రైప్ వాటర్‌లో ఉన్నదీ ఈ గింజల నూనెయే. చక్కెర, సోడాలతోపాటు ఆనాడు అందులో ఆల్కహాలు కూడా ఉండేది. కోస్తాలో పెరిగిన మా అమ్మమ్మ ఈ ఆకును 'ఏదో పిచ్చిమొక్క' అంటూ చివరిదాకా వంటింట్లోకి రానివ్వలేదు. మనవలందరికీ ఆ సీసా మందు మాత్రం తన చేత్తోనే పట్టింది! ఒకే మొక్క సీసాలో ఆప్తబంధువు, పెరట్లో పరాయిది. పేరు తెలియకపోవడం వల్ల జరిగిన అన్యాయమిది.

పెంచడం తేలిక. వేరు లోతుగా దిగే మొక్క కనుక నారు పోసి నాటితే సరిగా నిలదొక్కుకోదు. గింజలు నేరుగా కుండీలోనే చల్లాలి. చలికాలం అనుకూలం. ఎండలు ముదిరితే ఆకు తగ్గి పూతకు వస్తుంది. నేను పెసరపప్పులోనూ, బంగాళాదుంప వేపుడులోనూ దించేముందు వేస్తాను. ఎక్కువసేపు ఉడికితే పరిమళం పోతుంది.

కన్నడిగులు దీనిని సబ్బసిగె అంటారు, మరాఠీలు శేపు అంటారు. మన జిల్లాలలో ఇంకేమేం పేర్లున్నాయో, మీ ఇళ్ళలో పెద్దలు దీనిని ఎలా వండేవారో తెలిసిన మిత్రులు చెబితే ఇక్కడే చేర్చి ఉంచుతాను.